పెన్సిలుతో రాసిన వారాలు

"ఈతే రాని మనిషికి సరస్సెందుకట?" అందట ఐలా.

ఈ మాట ఇర్మా తన చెవులతో విన్నది కాదు. జుట్టు కత్తిరించే కొట్లో ఐలా పక్క కుర్చీలో కూచున్న ఆవిడెవరో విన్నది. ఆవిడ సహకార సంఘం దుకాణంలో పాల పెట్టెల దగ్గర నిలబడి ఇర్మాకి చెప్పింది. ఇర్మా దాన్ని మెట్లన్నీ ఎక్కి మోసుకొచ్చి ఐలా ఆడపడుచు హెల్కా వంటగదిలో దించింది. ఆ వీధికి ఉత్తరాలు పంచేది ఇర్మాయే, ఉండేది కూడా హెల్కా పక్క వాటాలోనే. సంచీలో వచ్చిన కబుర్లని తలుపు సందులోంచి జారవిడుస్తుంది. సంచీలో రానివాటికి మాత్రం కాఫీ కావాలి.

"ఆ ఒక్క మాటేనా?" అంది హెల్కా, వెనక్కి తిరక్కుండా గిన్నె కడుగుతూనే.

"ఒక్క మాటకి ఇన్ని మెట్లెక్కుతానా? నీకు మోకాళ్ళు పట్టేశాయట. సరస్సు ఇంటి మీద మునుపటంత మనసు లేదట. మే నెలలో ఓసారి వెళ్ళి తాళం తీసి శుభ్రం చేసొస్తావట, మళ్ళీ సెప్టెంబరులో వెళ్ళి మూసొస్తావట. నడుమ నీకంటూ ఉన్న జూన్ వారం ఈ ఏటి నుంచి నీ మేనకోడలు మెర్వీకి వదిలేస్తున్నావట."

"ఎవరు చెప్పారట?"

"నువ్వేనట." ఇర్మా యాలకుల రొట్టె ముక్క కాఫీలో ముంచి, కారకుండా కింద అరచెయ్యి పట్టింది. "ఎప్పుడు చెప్పావే? నాతో ముక్కయినా అనకుండా?"

హెల్కా గిన్నె బోర్లించి, తుడుచుకునే గుడ్డ మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. బడి వంటగదిలో పొద్దున్నే గంజి గుండిగలు ఎత్తి దించే మనిషికి మోకాళ్ళు పట్టేస్తే ముందు తెలిసేది పిల్లల కడుపులకి. ఈత రాని మాట నిజమే. సరస్సు ఒడ్డున పుట్టి పెరిగి ఈత నేర్చుకోలేదని చిన్నప్పుడూ అందరూ ఎగతాళి చేసేవారు. పడవ బాగున్నన్నాళ్ళూ నా కూతురికి ఈత దేనికి అని నాన్న వాళ్ళ నోళ్ళు మూయించేవాడు.

"నాకు మోకాళ్ళు బాగానే ఉన్నాయి" అంది.

"అది నాకు తెలుసు. నాతో పాటే మెట్లెక్కుతావుగా. వాళ్ళకి చెప్పు." ఇర్మా సంచీ భుజానికి తగిలించుకుంది. "చెబుతావా?"

హెల్కా ఆ సాయంత్రం పుస్తకాల కొట్టు దాకా నడిచి వెళ్ళి ఒక ఆకుపచ్చ కలం కొనుక్కొచ్చింది.

వేసవి పంపకం ఆదివారం నాడు అన్నయ్య కౌకో ఇంట్లో. ఏటా ఏప్రిల్‌లో, వీధుల పక్క మంచు నల్లబడి కరుగుతున్న రోజుల్లో, అన్నా చెల్లెళ్ళు కూచుని సరస్సు ఇంటిని వారాల లెక్కన పంచుకోవడం అమ్మ పోయినప్పటి నుంచీ వస్తోంది. ఆ ఊళ్ళో అందరిలాగే వాళ్ళూ తేదీలు మాట్లాడరు, ఏడాదిలో అది ఎన్నో వారమో ఆ అంకెలే. కౌకో ఇనప సామాన్ల కొట్టు వాళ్ళే అచ్చు వేయించే కేలండరు బల్ల మీద పరిచి ఉంది. దాని నాలుగు మూలలా నాలుగు కాఫీ కప్పులు పెట్టి చదును చేసింది ఐలా. చేతిలో ఎర్ర కలం, పక్కన నీలం కలం, చెవి మీద పెన్సిలు.

ఎర్రది కౌకోది, ఐలాది. నీలంది వాళ్ళ కూతురు మెర్వీది, అల్లుడు యోనాస్‌ది. పెన్సిలు హెల్కాది. ఇదేం ఎవరూ పనిగట్టుకుని పెట్టిన నియమం కాదు. మొదటి ఏడు రెండే రంగు కలాలు దొరికాయి, మూడో మనిషికి పెన్సిలు మిగిలింది. పైగా హెల్కావి బడి సెలవులు, ఎప్పుడైనా కుదురుతాయి, అటూ ఇటూ జరపాల్సొస్తే చెరపడానికి సుళువు. చెరిపి చెరిపి కొన్ని ఏళ్ళ కేలండర్లలో జూన్ మొదటి వారం దగ్గర కాయితం పలచబడిపోయేది.

"ఇరవై ఆరు నుంచి ముప్పై దాకా మేము" అంటూ ఐలా ఎర్ర గీత లాగింది. "ముప్పై ఒకటి, ముప్పై రెండు మెర్వీ. ఇంక ఇరవై మూడు..." పెన్సిలు తీయలేదు. నీలం కలం మూత తీసింది. "ఇరవై మూడు కూడా పిల్లలు అడుగుతున్నారు హెల్కా. యోనాస్‌కి పైకు చేపలు పట్టాలని సరదా. నువ్వు మేలో ఎలాగూ వెళతావుగా."

"ఇరవై మూడు తీసుకోండి" అంది హెల్కా. "నాకు ఇరవై అయిదు కావాలి."

కౌకో రొట్టె మీద వెన్న రాస్తున్నాడు. చాకు ఆగింది.

"ఏ ఇరవై అయిదు?"

"వారాల్లో ఇరవై అయిదు ఒక్కటేగా అన్నయ్యా."

"అది నడివేసవి యుహన్నుస్ పండగ వారమే. అది అందరిదీ."

"అందరిదీ అయితే అందులో నేనెప్పుడూ లేనేం?"

ఐలా నవ్వబోయి మానేసింది. "పడకలు చాలక కదా హెల్కా! నీకు మాత్రం తెలీదా? కింద రెండు, అటక మీద రెండు. పసిపిల్లలున్న రోజుల్లో ఎలా కుదురుతుంది చెప్పు. నీకేం, వేసవంతా ఖాళీయే, ఎప్పుడైనా కుదురుతుంది."

"అందుకే ఇరవై అయిదూ కుదురుతుంది వదినా."

యోనాస్ ఫక్కున నవ్వాడు. హెల్సింకీలో పుట్టి పెరిగిన కుర్రాడు, మంచివాడు. మెర్వీ బల్ల కింద కాలు తొక్కితే నవ్వు మింగి కాఫీ తాగాడు.

కౌకో చాకు పక్కన పెట్టాడు. పండగ వారం చెల్లెలు ఎందుకడుగుతోందని గానీ, ఇన్నాళ్ళూ ఆ రాత్రి ఎక్కడ గడిపిందని గానీ అతని నోటికి రాలేదు. "అయితే ఇల్లు తెరిచేదెవరు?" అన్నాడు.

"ముందెవరి వారమో వాళ్ళు."

"మేం తెరుస్తాం అత్తా!" అన్నాడు యోనాస్. "అదెంత పని! తాళం తీసి కిటికీలు తెరవడమేగా?"

హెల్కా కప్పులో అడుగున మిగిలిన కాఫీని ఒకసారి తిప్పింది. ఎలకలు చింపిన పరుపులు, మంచుకి వంకరపోయిన చెక్క రేవు, పొగగొట్టంలో పిచ్చుక గూళ్ళు, మరుగుదొడ్డి కింది బాన, బావి పంపులో ముందుగా పోయాల్సిన నీళ్ళు, అన్నిటికన్నా ముందు పడవ. ఒక్కొక్కటీ కళ్ళ ముందుకొచ్చి వరసగా నిలబడ్డాయి.

"ఏమేం చెయ్యాలో అన్నయ్యకి తెలుసు" అంది చివరికి. "నాన్న ఇద్దరికీ కలిపే నేర్పాడు."

"తెలుసు తెలుసు" అన్నాడు కౌకో, మళ్ళీ చాకు అందుకుంటూ. "నేను చెబుతాలే వాడికి."

"మీరందరూ శుక్రవారం రండి. ఎప్పటిలాగే సౌనా వేసి ఆవిరి స్నానాలు చేద్దాం, పడవలో కివిసారి లంకకెళ్ళి నెగడు వేద్దాం. పడకలు చాలకపోతే మీరు డేరా వేసుకోండి. వారం నాదైతే అగ్గిపెట్టె కూడా నాదే."

"ఓహో! అదీ సంగతి!" కౌకో పెద్దగా నవ్వాడు. "సరేలే తల్లీ, సరే."

ఐలా చెవి మీది పెన్సిలు తీసింది. ఇరవై అయిదు పక్కన 'హె' అని రాయబోతుంటే హెల్కా సంచీలోంచి ఆకుపచ్చ కలం తీసి, మూత విప్పి, ఆమె చేతికిచ్చింది.

"దీంతో రాయి వదినా."

మే నెలలో సరస్సుల మీది మంచు విడిచింది. బడి వంటగదిలో వడ్డించే వాళ్ళు, బస్సు నడిపే వాళ్ళు, చర్చి మెట్ల మీద ముసలివాళ్ళు అందరిదీ అదే మాట, ఫలానా చోట నీళ్ళు కనబడ్డాయని. ఏటా ఆ మాట చెవిన పడ్డ శనివారమే హెల్కా రబ్బరు బూట్లు సంచీలో పడేసుకుని బస్సెక్కేది. ఈసారి ఆ శనివారం ఇంట్లో కూచుని కిటికీ అద్దాలు తుడిచింది. ఆదివారం మళ్ళీ తుడిచింది.

"ఆ అద్దాలకింక తోలు ఊడొస్తుంది" అంది ఇర్మా, గోడవతల తన వసారాలోంచి. "వెళ్ళరాదూ?"

"నా వారం కాదు."

"పడవో?"

హెల్కా గుడ్డ పిండింది. "అన్నయ్య చెబుతాడు."

పడవ నాన్న చేతుల్లో పుట్టింది. పైను చెక్క పలకలు ఒకదాని మీదికొకటి ఎక్కించి కట్టిన పడవ, ముక్కు కొంచెం ఎడమకి వంగి ఉంటుంది. చలికాలమంతా ఒడ్డున దుంగల మీద బోర్లా పడుకుని ఎండిపోతుంది. ఎండితే పలకలు ముడుచుకుంటాయి, సందులు విడతాయి. మంచు విడవగానే దాన్ని తిరగేసి, నీళ్ళలోకి నెట్టి, ఒడ్డు పక్కనే ముంచెయ్యాలి. రాళ్ళు పెట్టి, అంచుల దాకా నీళ్ళు ఎక్కనిచ్చి, కొన్నాళ్ళు అలా వదిలెయ్యాలి. చెక్క నీళ్ళు పీల్చుకుని ఉబ్బి, సందులు వాటంతటవే మూసుకుంటాయి. అప్పుడు నీళ్ళు తోడేస్తే వేసవంతా చుక్క కారదు.

"దాహం వేసింది పాపం, తాగనీ" అనేవాడు నాన్న, నీళ్ళు పలకల సందుల్లోంచి సన్నగా లోపలికి చిమ్ముతుంటే. ఆ రాళ్ళకోసమే ఆయన ఎంచి తెచ్చిన గుండ్రాళ్ళు బిర్చి చెట్టు కింద వరసగా ఉండేవి. హెల్కా ఒక్కొక్కటీ పొట్టకి హత్తుకుని తెచ్చి అందించేది. కౌకో మాత్రం పడవలోనే కూచునేవాడు. పడవ మునుగుతున్నంతసేపూ కాఫీ డబ్బా నెత్తిన బోర్లించుకుని, నుదుటికి చెయ్యి ఆనించి, పెద్ద ఓడకి నాయకుడిలా నిటారుగా కూచుని, నీళ్ళు నడుముకెక్కినా కదిలేవాడు కాదు. అమ్మ ఒడ్డున నిలబడి, "ఒరేయ్, జ్వరమొస్తుందిరా, లేవరా" అని అరుస్తూనే పొట్ట పట్టుకుని నవ్వేది. మంచునీళ్ళు! పెదాలు నీలంగా మారేదాకా వాడు లేవడు. హెల్కాకి తన జీవితంలో అంతకన్నా నవ్వొచ్చిన రోజు ఇంకోటి గుర్తులేదు.

కౌకో సైన్యంలో ఉన్న ఏడు, నాన్న బతికున్న చివరి వేసవి. యుహన్నుస్ సాయంత్రం కివిసారి రాతి మీద నెగడు పేర్చి, ఆయన అగ్గిపెట్టె హెల్కా చేతిలో పెట్టాడు. మొదటి పుల్ల గాలికి ఆరిపోయింది. రెండోదానికి ఆయన రెండు చేతులూ దోసిలిలా చుట్టూ అడ్డం పెట్టాడు. ఆ వేళ్ళ సందుల్లోంచి కనబడ్డ వెలుతురు, తారు పట్టి నల్లబడ్డ ఆ గోళ్ళు, వెనక ఇంకా మునగని పొద్దు. ఆ మరుసటి వేసవి కౌకో వచ్చాడు, అగ్గిపెట్టె కౌకో జేబులోకి వెళ్ళింది, ఆ తరవాత అక్కడే ఉండిపోయింది.

జూన్ మొదటి వారంలో మెర్వీ ఫోనులో చెప్పింది. ఎలకలు రెండు దిళ్ళు మాత్రమే పాడు చేశాయట. పంపు మొదట మొరాయించిందట. "అసలు విశేషం పడవ అత్తా! నువ్వు చూస్తే గుర్తుపట్టవు. యోనాస్ గీకి, నునుపు చేసి, రెండు పూతల వార్నిషు వేశాడు. నాన్న కొట్లోంచి బాగా ఖరీదైన డబ్బా ఇచ్చాడు. అద్దంలా ఉంది!"

"తరవాత నీళ్ళలో వేశారా?"

"వార్నిషు గట్టిపడాలట కదా, ఎండలోనే ఉంచాం. పండగకి అందరం కలిసి దింపుదామన్నాడు నాన్న."

ఆ జూన్‌లో వాన చుక్క లేదు.

సోమవారం మధ్యాహ్నం బస్సు దిగి, అడవిలో దారెంట నడిచి హెల్కా సరస్సు ఇంటికి చేరుకునేసరికి ఒడ్డంతా పైను బంక వాసన. జూన్ మూడోవారంలో ఈ వాకిట్లో అడుగు పెట్టి ఎన్నాళ్ళయిందో! తను ఎప్పుడొచ్చినా బిర్చి కొమ్మలు బోడిగానో, పచ్చబడీ పడనట్టో ఉంటాయి, లేకపోతే రాలుతూ ఉంటాయి. ఇప్పుడు ఆకు నిండుగా, మెత్తగా, ఎండ తగిలితే లోపలినుంచి వెలుగుతున్నట్టుంది. కోకిల ఎక్కడో అవతలి ఒడ్డున కూసి, లెక్క మర్చిపోయినట్టు ఆగి, మళ్ళీ మొదలుపెడుతోంది. సామాను మెట్ల మీద వదిలేసి హెల్కా చెక్క రేవు చివరిదాకా వెళ్ళి, చెప్పులు విప్పి, నీళ్ళలో కాళ్ళు పెట్టి కూచుంది. కివిసారి అక్కడే ఉంది, గొడుగు మడిచినట్టున్న మూడు పైను చెట్లతో. పోయిన శరదృతువులో తను పోగేసిన కట్టెల కుప్ప రాతి మీద బూడిద రంగులో కనిపిస్తోంది.

లేచి పడవ దగ్గరికి వెళ్ళింది.

అందంగానే ఉంది. తేనె రంగు వార్నిషు కింద చెక్క గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. నాన్న చూస్తే కళ్ళు తుడుచుకుని ఉండేవాడు. హెల్కా వంగి పక్క పలక వెంబడి బొటనవేలు నడిపించింది. మధ్యకొచ్చేసరికి గోరు సందులోకి దిగింది. ఇంకో సందు చూసింది. అందులో గోరే కాదు, చెంచా అంచు దూరుతుంది. మోకాళ్ళ మీద కూచుని, తల నేలకి ఆనించి, బోర్లించిన పడవ కిందనుంచి పైకి చూసింది. చీకట్లో సన్నని వెలుతురు గీతలు, తలుపు చెక్కల సందుల్లోంచి ఎండ పడినట్టు.

కౌకోకి ఫోను చేసింది.

"చేరావా? ఎలా ఉంది మన పడవ మహారాణి?" కొట్లో ఎవరో మేకులు తూకం వేయిస్తున్న చప్పుడు.

"బాగుంది అన్నయ్యా. పడవ సంగతి చెబుదామని. సందులు..."

"చూశావా! అల్లుడి పనితనం చూశావా? ఊళ్ళో నలుగురైదుగురికి ఫొటో చూపించాను."

"చూశాను. ఎండిపోయి ఉంది అన్నయ్యా, సందులు విడి..."

"ఎండకపోతే ఎలా? రెండు పూతలు వేశాడు! హెల్కా, ఇదుగో విను, దాన్ని ముట్టుకోకు. తారూ గీరూ పూయకు. నీ రాళ్ళూ రప్పలూ దాంట్లో వేశావంటే వార్నిషంతా గీసుకుపోతుంది. కుర్రాడు మనసు పెట్టి చేశాడు. నేనొచ్చాక నేనే దింపుతాను. నువ్వు హాయిగా కూచో, ఎప్పుడూ పనే పని నీకు. వారం అడిగావుగా, సుఖపడు!"

మేకులు తూకంలో కుమ్మరించిన చప్పుడయింది. ఫోను ఆగిపోయింది.

హెల్కా సుఖపడడానికి చూసింది. మంగళవారం సౌనా కడిగింది, బల్లలు ఎండబెట్టింది, సాయంత్రం ఒక్కతే పొయ్యి రాళ్ళ మీద నీళ్ళు చల్లి ఆవిరిలో కూచుంది. అమ్మ కూచునే పై బల్ల మూల మీద చెక్క నున్నగా అరిగి ఉంది, అక్కడే వీపు ఆనించింది. ముంగిట్లో కూచుని నల్ల రొట్టె మీద పొగలో కాల్చిన చిన్న చేపలు పెట్టుకుని తింది. పొద్దు వాలడానికి ఇష్టపడక చెట్ల తలల మీద కూచుంది. ఇదంతా తను అడిగి తెచ్చుకున్నదే. అయినా కళ్ళు మాటిమాటికీ పడవ మీదికే పోయాయి. దాహంతో ఉన్న గొడ్డుని కట్టేసి చూస్తున్నట్టుంది.

బుధవారం పొద్దున లేచి బిర్చి చెట్టు దగ్గరికి వెళ్ళింది. నాన్న రాళ్ళు వరసగా, ఉత్తరం వైపు నాచు పట్టి, నేలలోకి కొంచెం దిగబడి ఉన్నాయి. మొదటిది పెకలించింది. కింద తడి మట్టిలో ఒక ఎర్ర పురుగు కలవరపడి ముడుచుకుంది. రాయిని పొట్టకి హత్తుకుని లేచింది. మోకాళ్ళు ఏమీ అనలేదు.

ఇవాళ ముంచితే శుక్రవారానికి సగమైనా ఉబ్బుతుంది. కివిసారి దాకా పోయి రావడానికి సరిపోతుంది. నెగడు వేయొచ్చు. అగ్గిపెట్టె అడిగి తీసుకోవచ్చు. అన్నయ్య తేనె రంగు పడవ ఎక్కి తెడ్లు వేస్తూ, చూశారా అల్లుడి వార్నిషు మహిమ, చుక్క నీరు లేదు అంటాడు. అందరూ అవునంటారు. వచ్చే ఏప్రిల్‌లో ఐలా కేలండరు పరిచి, తెరవడంలో పెద్ద పనేముంది, పిల్లలు చేశారుగా అని, చెవి మీది పెన్సిలు తీస్తుంది.

ముంచకపోతే కివిసారి లేదు. నెగడు లేదు. తను ఏ రాత్రి కోసం ఆకుపచ్చ కలం కొందో ఆ రాత్రే లేదు.

రాయి బరువుకి చేతులు లాగుతున్నాయి. పడవ పక్కన నిలబడింది. వార్నిషు మీద తన నీడా, నీడ పొట్ట మీద రాయి నీడా. ముట్టుకోకు అన్న గొంతు చెవిలో ఉంది. ఆ గొంతులో కోపం కూడా లేదు, అదే కష్టంగా ఉంది. పిల్లల్ని కత్తిపీట దగ్గర్నుంచి జరిపినట్టు జరిపాడు.

చాలాసేపు అలా నిలబడి, వెనక్కి నడిచి, రాయిని దాని గుంటలోనే పెట్టింది. మట్టి సర్ది, అరచేత్తో తట్టింది.

ఆ తరవాత పడవ వైపు చూడలేదు. గురువారమంతా బిర్చి రెమ్మలు కోసి, సౌనాలో ఒంటికి కొట్టుకోవడానికి కట్టలు కట్టింది. ఆకు మెత్తని వైపు లోపలికి, కాడలు సమంగా, పైన పచ్చి రెమ్మనే మెలిపెట్టి ముడి. ఎప్పుడూ తన వారాల్లో కట్టలకి సరిపడా ఆకు ఉండేది కాదు, అయినా వేళ్ళు మర్చిపోలేదు. మనిషికొక కట్ట చొప్పున కట్టి నీడలో వేలాడదీసింది.

శుక్రవారం రెండు కార్లలో వచ్చారు. కొత్త బంగాళాదుంపలు, సోయకూర కట్టలు, ఉప్పు చేపలు, మెర్వీ చేసిన స్ట్రాబెర్రీ కేకు. ఐలా దిగుతూనే, "అబ్బ, ఇల్లు ఎంత ముచ్చటగా పెట్టావు హెల్కా!" అని బుగ్గకి బుగ్గ ఆనించింది. యోనాస్ డేరా వేస్తూ మేకులు తప్పు వైపు కొట్టి, కౌకో చేత తిట్లు తిని, నవ్వాడు. సౌనా వేశారు. ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు తరవాత. మెర్వీ అత్త వీపు రుద్దుతూ, "ఇన్నేళ్ళూ పండక్కి నువ్వెందుకు రాలేదత్తా? నువ్వుంటే ఎంత బాగుంది" అంది. నిజంగానే అంది, తెలియక అంది. హెల్కా పొయ్యి మీద ఇంకో చెంబెడు నీళ్ళు పోసింది. బుస్సుమని లేచిన ఆవిరిలో ఇద్దరి మొహాలూ కనిపించకుండా పోయాయి.

తిండి అయ్యాక కౌకో తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. ఏటా నెగడుకి తెల్లచొక్కాయే. ప్యాంటు జేబు తడుముకుని అగ్గిపెట్టె ఉందో లేదో చూసుకున్నాడు. ఏప్రిల్‌లో అన్న మాట అతనికి గుర్తులేదు. హెల్కా గుర్తు చెయ్యలేదు. రేవు మెట్ల మీద కూచుని చివరి రెమ్మల కట్ట ముడి బిగిస్తోంది.

"పదండి పదండి, అవతల వాళ్ళు ముట్టించేస్తారు!"

అల్లుడూ మామా కలిసి పడవని తిరగేశారు. మెర్వీ ఫొటో తీసింది. తేనె రంగు పడవ గడ్డి మీద జారి నీళ్ళలోకి వెళ్ళి, ముక్కు ఎడమకి వంచి, ఒక్క క్షణం హంసలా నిలిచింది. కౌకో అందులోకి గెంతి తెడ్లు అందుకున్నాడు. "ముందు నేను ఒక చుట్టు తిప్పి చూస్తాను" అంటూ నాలుగు తెడ్లు వేశాడు.

అయిదోది వెయ్యలేదు. కాళ్ళ వైపు చూసుకున్నాడు. పలకల సందుల్లోంచి నీళ్ళు సన్నని ఊటల్లా లేస్తున్నాయి, ఒకటి కాదు, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా. బెంచీ కింద కాఫీ డబ్బా ఉంటే అందుకుని గబగబా తోడాడు. తోడినకొద్దీ ఎక్కువవుతున్నాయి. వెనక్కి తిప్పుదామని తెడ్డు వేస్తే పడవ బరువెక్కి కదల్లేదు. ఒడ్డున ఐలా, "కౌకో! దిగు కౌకో!" అని అరుస్తోంది. అతను మాత్రం కూచునే ఉన్నాడు, చేతిలో డబ్బాతో, నిటారుగా. నీళ్ళు పిక్కలకి, మోకాళ్ళకి, తెల్లచొక్కా అంచుకి ఎక్కాయి. పడవ నింపాదిగా అడుగున ఇసకలో ఆనింది. అంచులు నీటి మట్టానికి కొంచెం కింద వార్నిషుతో మెరుస్తున్నాయి.

హెల్కా చేతిలోని ముడి జారిపోయింది. ఒక్క క్షణం నీళ్ళలో కూచున్నది వెంట్రుకలు నెరిసిన మనిషిలా కనబడలేదు. నెత్తిన డబ్బా లేకపోవడమే తక్కువ. గొంతులోకి నవ్వు వచ్చింది. ఒడ్డున అమ్మ లేదు.

కౌకో లేచి, నడుములోతు నీళ్ళలో నడుచుకుంటూ వచ్చాడు. జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. నానిపోయి అంటుకున్న అట్ట చేతిలో రెండుగా విడిపోయింది.

"నా తప్పే మామయ్యా" అన్నాడు యోనాస్, మొహం పాలిపోయి. "ఎక్కడో సరిగ్గా అంటలేదేమో..."

"నీ తప్పు కాదయ్యా." కౌకో అందరినీ చూసి, చూపు తెచ్చి మెట్ల మీద ఆపాడు. "హెల్కా! నువ్వు సోమవారం నుంచీ ఇక్కడే ఉన్నావు. చూసుకోనక్కర్లేదా?"

"చెప్పబోయాను. ముట్టుకోవద్దన్నావు."

"అన్నాననుకో! అంటే మాత్రం? ఇలా అవుతుందని ఎవరనుకున్నారు!" చొక్కా అంచు పిండుతుంటే నీళ్ళు చెక్కల మీద బొటబొటా కారాయి. ఎదుటి ఒడ్డున మొదటి నెగడు అంటుకుంది. దాని పక్కన ఇంకోటి, ఇంకా అవతల ఇంకోటి. కివిసారి మీద కట్టెల కుప్ప ఒక్కటీ బూడిద రంగులో అలాగే ఉంది. కౌకో దానివైపు చూసి, మునిగిన పడవవైపు చూసి, చిన్నపిల్లాడికి అన్యాయం జరిగినట్టు గొంతు పెంచాడు. "ప్రతి ఏడూ బాగానే తేలేదిగా ఈ పడవ!"

హెల్కా జారిన ముడి మళ్ళీ వేసి, పళ్ళతో కొస బిగించి, కట్టని ఒళ్ళో పెట్టుకుంది.

"ప్రతి ఏడూ నేను ముంచాను కాబట్టి తేలింది."